31 సి

ఇంకా పేరు పెట్టలేదు దానికి.
లిస్బన్ ఆసుపత్రి రాసిన ఉత్తరంలో ఒక అంకె,
పక్కన ప్రశ్నార్థకం.
దిలీలో ఇద్దరు, సావో పౌలోలో పదకొండు మంది,
జొహానెస్‌బర్గ్‌లో ఒక టాక్సీ డ్రైవరు.
మపూతోలో ఎవరూ లేరు.
లేరనే రాసి సంతకం పెట్టింది ఇసల్తీనా.
సిరా ఆరేలోగా విమానం పట్టిక వచ్చింది.

విమానం చాలా మర్యాద గలది.
ప్రతి మనిషికీ ఒక వరుస, ఒక అక్షరం.
దగ్గినవాడు 30 డి.
చుట్టూ రెండు వరుసలు ఎర్ర పెన్సిలుతో గీసి
ఫోను దగ్గరికి లాక్కుంది.

జ్వరం ఉందా? దగ్గు? మెట్లెక్కితే ఆయాసం?
ఒకాయన కూతురి పెళ్ళి ఆపమంటావా అని అరిచాడు.
ఒకావిడ, ముందు నీ ఊపిరి వినబడనీ,
మనిషివో మిషనువో తెలియాలి, అంది.
31 సి, పేరు అడెలీనో, టైల్స్ వ్యాపారి,
రోజూ పొద్దున్న ఏడింటికి ఎత్తి
"గుండ్రాయిలా ఉన్నానమ్మా" అనేవాడు.
ఐదు రోజులు టిక్కు పెట్టింది.

ఆరో రోజు ఫోను పెట్టేయబోతూ అన్నాడు:
"అన్నట్టు, నేనక్కడ కూర్చోలేదుగా.
చంటిపిల్లతో ఒకమ్మాయి, వెనక మరుగుదొడ్డి పక్కన ఇరుక్కుని ఉంటే
లేచి నా సీటు ఇచ్చేశాను.
మంచిపనే కదా?"

మంచిపనే.
ఇసల్తీనా పెన్సిలు కింద పెట్టి
చాలాసేపు పంకా రెక్కలు లెక్కపెట్టింది.
మూడే.

అక్కణ్ణించి దారికి పట్టిక లేదు.
విమానాశ్రయం బయట చాపా ఎక్కిందట.
చాపా అంటే పదిహేను సీట్ల వ్యాను,
ఇరవై ఆరుగురు మనుషులు,
ఎవరి మోచెయ్యి ఎవరిదో దిగాక గాని తెలియదు.
(నా భాషలో చాప వేరు,
దాని కింద పారే నీరు వేరు.
ఇది రాస్తుంటే రెండూ కలిసి
పాదాలకి చెమ్మ తగులుతోంది.)

షిపమనీన్ సంత. జింపెతో స్టాండు.
మాస్కు లోపల ఉప్పటి చెమట.
"అనాసపళ్ళ బొమ్మల పసుపు కపులానా,
వీపున బిడ్డ, చూశారా?"
జీడిపప్పు అమ్మే ఆవిడ నవ్వింది:
"సగం ఊరు అదే కట్టుకుంది తల్లీ,
పోయిన నెల చవగ్గా దిగింది."

గుర్తుపట్టింది కండక్టరు కుర్రాడు, ఫినియాస్.
ముఖం గుర్తులేదు వాడికి, బాకీ గుర్తుంది.
"పది మెటికల్‌లు చిల్లర ఇవ్వాలామెకి.
బిడ్డకి బాలేదు, దిగాలి, ఉంచుకో అంది.
బిడ్డ కాదు, దగ్గింది ఆమే."
చెబుతూ చెబుతూ మోచేతిలోకి దగ్గాడు.
ఇద్దరూ ఆ మోచేతినే చూశారు.

అంబులెన్సు ఎక్కేముందు
నాణేన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి ముడేసి
"ఎలాగూ వెళ్తున్నారుగా" అన్నాడు.

రేకుల ఇల్లు. వాకిట్లో ఇసుక మీద
చీపురు గీతలు చెదరలేదు.
అంటే ఇవాళ ఎవరూ బయటికి రాలేదు.
తలుపు సందులోంచి ఫెలిస్మీనా,
మాటకీ మాటకీ మధ్య మేడమెట్లు ఎక్కుతున్నట్టు.
బిడ్డ పాలు తాగుతోందట, నయం.
తన గురించి కాదు ఆమె మొదట అడిగింది:
"విమానంలో ఒక పెద్దాయన సీటిచ్చాడు.
ఆయనకేం కాలేదు కదా?"

చెప్పకూడదు. నిబంధన ఉంది.
ఒకరి కబురు ఇంకొకరికి మోయకూడదు.
ఇసల్తీనా సంచిని గడప మీద పెట్టి
రెండడుగులు వెనక్కి జరిగి
"గుండ్రాయిలా ఉన్నాడు" అంది.

ఆ రాత్రి జెనీవాలో ఎవరో
నిద్రకళ్ళతో పటం మీద
హిందూ మహాసముద్రం అంచున ఒక చుక్క పెట్టారు.
పక్కన 1 అని రాశారు.
ఫినియాస్ ఫలితం ఇంకా రాలేదు.

మపూతోలో కరెంటు పోయింది.
కొవ్వొత్తి దగ్గరగా కొత్త కాగితం పరిచి
పైన చాపా అని రాసి, స్కేలు ఆనించి
మొదటి వరుస గీయబోయి
ఆగింది.